ఏడో నంబరు జవాబు

ఈ సంగతి జరిగేనాటికి పదకొండేళ్ళుగా నా ఉద్యోగం ఒక్కటే. ఎదుటి మనిషి చేతికి ఒక కాగితం ఇవ్వడం, చదివి ఏం అర్థమైందో చెప్పించుకోవడం, తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా ఒకే ముఖంతో "చాలా బాగా చెప్పారు" అనడం. మన ముఖంలో కాస్త మార్పు కనిపించినా వాళ్ళు దాన్ని పట్టుకుని తర్వాతి జవాబు మార్చేస్తారు, దాంతో పరీక్ష చెడిపోతుంది. అందుకని మా కంపెనీలో చేరినవాళ్ళకి మొదటి వారమే ఆ ముఖం నేర్పిస్తారు. నాకు తొందరగానే వచ్చింది. వచ్చింది మళ్ళీ పోలేదు. మా చెల్లెలు ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, రొమ్ములో గడ్డ ప్రమాదమైనది కాదని తేలిందే అక్కా అంటే, "చాలా బాగా చెప్పారు" అన్నాను. అది ఫోన్ పెట్టేసింది. నాకు బాధ కూడా కలగలేదు. బాధ కలగాలి కదా అని మాత్రం అనుకున్నాను.

ఆ ఏడాది వాషింగ్టన్ ప్రభుత్వం వాళ్ళు ఇంటి అప్పుల కాగితాలు మార్చే పనిలో ఉన్నారు. అప్పు తీసుకునేవాడికి అప్పటిదాకా ఇస్తున్న రెండు మూడు రకాల ఫారాలు తీసేసి, చదువు తక్కువైనవాళ్ళకి కూడా తెలిసేలా ఒకే ఫారం తేవాలని వాళ్ళ ఆలోచన. నమూనా ఇంటర్నెట్లో పెట్టి జనాన్ని అభిప్రాయం అడిగారు. అది చాలక, ఊరికి పదిమంది చొప్పున మామూలు మనుషుల్ని గదిలో కూర్చోబెట్టి చదివించి చూడమని మా కంపెనీకి పని అప్పగించారు. బాల్టిమోర్‌లో మా గది రేవు దగ్గర రెండో అంతస్తులో ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడంతా ఒకవైపు నుంచే కనిపించే అద్దం. అద్దానికి అవతల నలుగురు కూర్చుని కాఫీ తాగుతూ మమ్మల్ని చూస్తారు. వాళ్ళలో ముగ్గురు వాషింగ్టన్ నుంచి వచ్చినవాళ్ళు, నాలుగోవాడు మా మేనేజరు గ్లెన్ పార్మ్‌లీ.

లెక్క చాలా తేలిక. ఒకే గడిని పదిమందిలో ముగ్గురు తప్పు చదివితే ఆ గడిది తప్పు, మళ్ళీ రాస్తారు. ఇద్దరే తప్పు చదివితే ఆ ఇద్దరిదీ తప్పు, గడి అలాగే ఉంటుంది.

మంగళవారం మధ్యాహ్నం ఏడో మనిషి వచ్చింది. వెర్నెల్ స్టోక్స్. అరవై ఏడేళ్ళు, ముప్పై ఒక్కేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. చర్చికి వేసుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని వచ్చింది. అద్దానికి అవతల నలుగురు చూస్తుంటారు, టేపులో పేరు చెప్పకూడదు, నంబరే చెప్పాలి అన్నాను.

"ఏడా? మా బస్సుది పద్నాలుగు. సగానికి దించేశావన్నమాట," అంది.

నేను నవ్వలేదు. నవ్వితే పరీక్ష చెడుతుంది.

ఫారంలో ఒక ఊహల అప్పు ఉంటుంది, ఊహల మనిషి పేరు మీద. మొదటి పేజీ మధ్యలో మూడు గడులు. అప్పు మొత్తం తర్వాత పెరుగుతుందా? పెరగదు. వడ్డీ పెరుగుతుందా? పెరుగుతుంది. నెలవారీ వాయిదా పెరుగుతుందా? పెరుగుతుంది. వెర్నెల్ మొదటి గడి చదివి, మిగిలిన రెంటి మీదా అరచెయ్యి ఆనించి పైకి చూసింది.

"ఏదీ పెరగదు తల్లీ. ఇదిగో, ఇక్కడే రాసిపెట్టారు."

ఆ గడులు తప్పు చదివినవాళ్ళలో ఆమె మూడోది. అద్దానికి అవతల ఎవరో గీత గీసుకునే ఉంటారు. నేను "చాలా బాగా చెప్పారు" అన్నాను.

ఇంకా పది నిమిషాలు మిగిలాయి. ఆమె పర్సు తెరిచి మడతపెట్టిన కాగితాలు తీసింది. ఇవి ఊహల కాగితాలు కావు. మర్నాడు పదింటికి సంతకం పెట్టాల్సిన ఆమె సొంత అప్పువి. భర్త బతికుండగా ఇద్దరూ కలిసి కొన్న ఇల్లట. పెన్షన్ మీద పాత వాయిదా మోయలేకపోతోందట. పాత అప్పు తీర్చేసి తక్కువ వాయిదాతో కొత్తది ఇస్తామని ఒక కంపెనీవాళ్ళు ముందుకొచ్చారట. ఆమె ఒక అంకె మీద వేలు పెట్టింది. నెలకి ఎనిమిది వందల పదకొండు డాలర్లు.

"నేను పోయేదాకా ఇంతేగా?"

ఆ అంకెకి రెండు లైన్ల కింద, అరవై ఒకటో నెల నుంచి ఎంతవుతుందో ఉంది. దాదాపు పదమూడు వందల దాకా పోవచ్చు. నేను చూశాను. చూడలేదని చెప్పుకుంటే నాకు బాగుంటుంది గానీ, చూశాను. నోరు మాత్రం దాని పని అది చేసుకుపోయింది.

"చాలా బాగా చెప్పారు, మిస్ వెర్నెల్."

ఆమె గట్టిగా ఊపిరి వదిలి కాగితాలు మడతపెట్టుకుంది. పరీక్షకి వచ్చినందుకు నేను డెబ్బై ఐదు డాలర్ల కవరిస్తే తీసుకుని, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఒకసారి నొక్కింది. తలుపు మూసుకోగానే ఎనిమిదో మనిషిని పిలిచాను.

గురువారం టేపులు విని కాగితం మీద పెట్టే పని. ఆమె ప్రశ్నా, వెంటనే నా గొంతూ వినిపించాయి. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ఇంకోసారి విన్నాను. గుండె దడదడలాడలేదు, చెమటలు పట్టలేదు. పళ్ళ డాక్టరు సూదేశాక చెంప ఎలా ఉంటుందో అలా ఉంది లోపలంతా. లేచి గ్లెన్ గదిలోకి వెళ్ళాను.

గ్లెన్ మంచివాడు. ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కేకు ఇంటి దగ్గర తనే చేసుకొస్తాడు. విషయం చెప్తే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సోమవారం ఫలితాలు చూసే కమిటీ కూర్చుంటుంది, ఒక నోట్ రాసివ్వు, అందులో పెడదాం అన్నాడు. ఆవిడ నిన్న సంతకం పెట్టేసింది, గడువు శనివారం అర్ధరాత్రితో అయిపోతుంది అన్నాను. ఉన్న ఇంటి మీద పాత అప్పు తీర్చి కొత్త అప్పు తీసుకుంటే, సంతకం పెట్టాక మూడు పనిరోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. దానికి శనివారం పనిరోజే, ఆదివారం కాదు. ఆరేళ్ళ కిందట ఆ రద్దు కాగితాన్ని కూడా పరీక్ష చేసింది నేనే. దాన్ని రెండు కాపీలిస్తారు. ఎవరూ ఒక్కటి కూడా చదవరు.

"కొలీన్, మనం పరీక్షించేది కాగితాల్ని. మనుషులకి సలహాలివ్వడం మన పని కాదు," అన్నాడు గ్లెన్. "నువ్వెళ్ళి చెప్పావంటే ఆవిడ జవాబు లెక్కలోంచి తీసెయ్యాలి. రూలు నీకు తెలుసు."

తెలుసు. మాతో బయట మాట్లాడిన మనిషి జవాబు చెల్లదు. ఆమెని తీసేస్తే ఆ గడి దగ్గర తప్పినవాళ్ళు ముగ్గురు కాదు, ఇద్దరు. అప్పుడు గడి అలాగే ఉండిపోతుంది, దేశమంతటా ప్రతి ఇంటి అప్పు మీదా. ఆ సంగతి అతనికీ అప్పుడే తట్టిందని ముఖం చూస్తే తెలిసింది. వద్దనలేదు, సరేననలేదు. "నువ్వీ గదిలోకి రాలేదు, నేనేం వినలేదు," అని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం ఆమె ఫోన్ నంబరు వెతికి పట్టుకుని చేశాను. నా పేరు చెప్పాను, ఎక్కడ కలిశామో చెప్పాను, ఆ అప్పు రద్దు చేసుకోండి అన్నాను.

"సంతకాల దగ్గర అప్పు కంపెనీ అమ్మాయి ముందే చెప్పింది, మూడు రోజులు ఫోన్లొస్తాయి, రద్దు చేసుకోమంటారు, వాళ్ళంతా దొంగలు, పెట్టెయ్యండీ అని," అంది. "పైగా ఆ అద్దం గదిలో అమ్మాయి గవర్నమెంటు మనిషి. నా కాగితం చూసి బాగుందంది. నువ్వెవరో నాకేం తెలుసు?"

పెట్టేసింది. మళ్ళీ చేస్తే తియ్యలేదు. ఫోన్లో అప్పుల గురించి మాట్లాడేవాళ్ళని నమ్మొద్దని ఊరంతా కరపత్రాలు పంచుతారు. వాటిలో ఒకటి మా కంపెనీ పరీక్షించిందే. ఆమె దాన్ని చక్కగా పాటించింది.

శనివారం పొద్దున్న కారేసుకుని ఊరికి తూర్పు వైపు వెళ్ళాను. బారుగా ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్ళు, ప్రతి గుమ్మం ముందూ మూడేసి తెల్ల చలవరాతి మెట్లు. వెర్నెల్ మోకాళ్ళ మీద కూర్చుని మెట్లు రుద్దుతోంది. పక్కన బకెట్టు, నురగ. నన్ను చూసి బ్రష్షు ఆపింది. గుర్తుపట్టిందని తెలిసింది.

"అయితే నిన్న ఫోన్ చేసింది నువ్వేనా?"

"నేనే, మిస్ వెర్నెల్. అయిదేళ్ళ తర్వాత మీ వాయిదా పెరుగుతుంది. చాలా పెరుగుతుంది."

అంత సూటిగా ఒక మాట చెప్పి ఎన్నాళ్ళయిందో. ఆమె బ్రష్షు బకెట్లో వేసి, చేతులు ఆప్రన్‌కి తుడుచుకుంటూ నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఆ రోజు నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి బాగా చెప్పానన్నావు."

"అందరికీ అదే అంటాను."

"తప్పు చెప్పినవాళ్ళకి కూడా?"

"వాళ్ళకి కూడా."

"మరి ఇవాళ ఎందుకొచ్చావు?"

నా జవాబు కోసం చూడకుండానే ఆమె బకెట్టులో నీళ్ళు మెట్ల మీద కుమ్మరించింది, నా బూట్లు తడిశాయి. కావాలనే చేసింది. తర్వాత లోపలికి రమ్మంది.

వంటింట్లో కాగితాలు బల్ల మీద పరిచాం. అరవై ఒకటో నెల లైన్ చూపించాను. ఆమె అద్దాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ మూడుసార్లు చదివింది. ఇప్పుడు తనకి అరవై ఏడు, అప్పటికి డెబ్బై రెండు, ఆ పెన్షనే ఉంటుంది, వాయిదా కట్టలేక ఇల్లు పోతుంది అని పైకే చెప్పుకుంది. లెక్క నేను చెప్పాల్సిన పని లేకపోయింది. రద్దు చేస్తే పాత వాయిదా అలాగే ఉంటుందిగా, అది కూడా కట్టలేకనేగా ఇదంతా అంది. అవునన్నాను. అంతకంటే ఓదార్పు మాటలు నాకు రాలేదు. కాగితాలన్నీ ఒక దొంతరగా సర్దింది.

"నువ్వయితే ఏం చేస్తావు?" అంది చివరికి. "ముఖం అలా పెట్టకు. నోరు తెరిచి చెప్పు."

"నేనయితే రద్దు చేస్తాను."

ఆమె పెన్ను తీసుకుంది. ఫైల్లో ఎక్కడో అడుగున రద్దు కాగితం రెండు కాపీలూ మడత నలగకుండా ఉన్నాయి. ఒకదాని మీద సంతకం పెట్టి తేదీ వేసింది. పోస్టాఫీసు ఒంటిగంటకి మూసేస్తారు. పన్నెండున్నరకి క్యూలో నిలబడ్డాం, రిజిస్టరు చేయించి రసీదు తీసుకున్నాం. ఆమె పెట్టుకొచ్చిన ఊదారంగు టోపీ తీసి, రసీదు దాని లోపలి పట్టీలో దోపుకుంది. కారులో తిరిగొస్తున్నాం. ఒక మనిషి ఇల్లు నిలబెట్టానని సంతోషించాలి కదా అని అనుకున్నాను. అనుకోవడం వరకే అయింది.

దింపేటప్పుడు ఇంకొక్క మాట చెప్పాను. నేను వచ్చాను కాబట్టి ఆమె జవాబు లెక్కలోకి రాదని, ఆ గడి ఇక మారకపోవచ్చని. ఎందుకు చెప్పానో తెలియదు. ఒకసారి నిజం చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో నాకు అలవాటు లేదు.

"అంటే నాకు తెలియకుండా ఉండి ఉంటేనే పనికొచ్చేదాన్నా?" అంది వెర్నెల్, కారు తలుపు పట్టుకుని.

సోమవారం కమిటీలో ఆమె ఇంటికి వెళ్ళిన సంగతి నేనే చెప్పాను, ఏడో నంబరు పక్కన ఎర్రగీత పడింది. నాకు మందలింపు కాగితం ఒకటి ఇచ్చారు, సంతకం పెట్టాను. బాల్టిమోర్ నివేదికలో తొమ్మిదిమందే ఉన్నారు. ఆ గడిని తప్పు చదివినవాళ్ళు ఇద్దరు. వాక్యం రాసింది నేనే: "ఎక్కువమందికి ఇబ్బంది కలగలేదు."

ఏడాది గడిచాక వాషింగ్టన్ వాళ్ళు రూలు ముసాయిదా బయటపెట్టారు. దేశంలో ఎవరైనా సరే, నాలుగు నెలల్లోగా దాని మీద ఏమైనా రాసి పంపొచ్చు. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదవాలని చట్టం. చదివి, వర్గాలుగా విడదీసి, ఒక్కోదాన్నీ ఒక్క వాక్యంలో కుదించే పని మళ్ళీ మాకే దొరికింది. వేలల్లో వచ్చాయి. బ్యాంకులవాళ్ళవి నలభై పేజీలు, అడుగునంతా నోట్సులు. ఇళ్ళమ్మే ఏజెంట్లవి ఒకే ఉత్తరం, కింద పేరు మాత్రం వేరు. గవర్నమెంటుని తిట్టేవాళ్ళు, దేవుణ్ణి తలిచేవాళ్ళు, పొరపాటున కరెంటు బిల్లు గురించి రాసేవాళ్ళు. నేను రోజుకి నూట ఇరవై చదివేదాన్ని. చదివిన వెంటనే మర్చిపోయేదాన్ని, అదీ పనిలో భాగమే.

ఒక మధ్యాహ్నం చేత్తో రాసింది ఒకటి తెర మీదకొచ్చింది. గీతల కాగితం, గుండ్రటి అక్షరాలు.

"నేను మీ బాల్టిమోర్ పరీక్షలో ఏడో మనిషిని. నాకెవరో నిజం చెప్పారని నా జవాబు తీసేశారట. అందుకని మళ్ళీ ఇస్తున్నాను, ఈసారి నా పేరుతోటి. మొదటి గడిలో పెరగదు అని ఉంటే నేను మిగతావి చూడలేదు. నా బుర్ర అంతేననుకోండి. అలాంటి బుర్రలు చాలా ఉన్నాయి, అవి కూడా ఇళ్ళు కొంటాయి. పెరిగేవి పైన రాయండి, పెరగనిది కింద రాయండి. అంతకంటే నేనడిగేది లేదు.

"ఇల్లు నిలబడింది. మేడ మీద గది ఒక నర్సుకి అద్దెకిచ్చాను, వారానికి నాలుగు రోజులు చర్చి వ్యాను నడుపుతున్నాను. ఇంటికొచ్చి చెప్పిన అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఒక్క విషయం మాత్రం నేనింకా మింగలేకపోతున్నాను. ఆ రోజు ఆ గదిలో నాకు అర్థం కాలేదని నాకు తప్ప అందరికీ తెలుసు. అద్దానికి అవతల నలుగురు, ఇవతల ఒకరు. మీరు అయిదుగురూ దాన్ని రాసుకున్నారు. నన్ను ఇంటికి పంపించారు. నేను పొద్దున్నే లేచి వెళ్ళి సంతకం పెట్టొచ్చాను."

కింద పూర్తి పేరు, ఇంటి నంబరు, వీధి. దాచుకోవాల్సింది ఏమీ లేదన్నట్టు రాసింది.

కుదింపు గడిలో ముందు అలవాటుగానే కొట్టాను: "గడుల క్రమం మార్చాలని కోరారు." తప్పేం లేదు. ఎవరు చూసినా సరైన కుదింపే. తర్వాతి ఉత్తరం తెరవబోయి ఆగిపోయాను. ముఖం వేడెక్కింది, చెవుల దాకా. చాలాసేపటికి గానీ అది సిగ్గని తెలియలేదు. పదకొండేళ్ళూ, ఆ మీద ఇంకో ఏడాదీ, ఆ కుర్చీలో కూర్చుని లేచి ఇళ్ళకి వెళ్ళినవాళ్ళు గుర్తొచ్చారు. అందరి ముఖాలూ రాలేదు. ఎందరికి నేను బాగా చెప్పారని చెప్పి పంపానో లెక్క కూడా లేదు. బల్ల అంచు పట్టుకుని ఏడ్చాను.

ముఖం తుడుచుకున్నాక ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాశాను: "ఆమెకి అర్థం కాలేదని మాకు అయిదుగురికీ తెలుసు, మేమెవరమూ చెప్పలేదు."

అలాంటి వాక్యం అక్కడ ఉండకూడదు. కుదింపుల్లో "మేము" అనే మాటే వాడకూడదు. వాషింగ్టన్‌కి వెళ్ళేలోపు ప్రతి వాక్యం గ్లెన్ చూస్తాడు, తప్పులుంటే దిద్దుతాడు. సాయంత్రం అతని గదిలో దీపం చాలాసేపు వెలిగింది. మర్నాడు పొద్దున్న చూసుకుంటే నా వాక్యాల్లో పదిహేడు దిద్ది ఉన్నాయి. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ముట్టుకోలేదు.